వెదురు మలుపులో వెనకనుంచి గుద్దేది

వెదురు మలుపు మంచిది కాదు.

ఈ మాట మా గువా ముసాంగ్ ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు. పగలడిగితే గట్టిగా చెబుతారు, పొద్దుగూకాక అడిగితే ఓసారి వెనక్కి తిరిగి చూసుకుని గొంతు తగ్గించి చెబుతారు. కొండమీది అడవిలోంచి దుంగల లారీలు దిగే మట్టిరోడ్డు అది. ఒక పక్క వెదురు పొదలు, ఇంకో పక్క లోయ. రాత్రిపూట లారీ ఆ మలుపు తిరుగుతుండగా... వెనకనుంచి ఏదో వచ్చి గుద్దుతుంది.

డబ్ — అని ఒక్కటే దెబ్బ.

దిగి చూస్తే ఎవరూ ఉండరు. మోటారు సైకిళ్ళ జోలికి రాదు, కార్ల జోలికి రాదు. బరువుతో కొండ దిగే దుంగల లారీ అయితేనే గుద్దుతుంది. దెయ్యానికి అంత పట్టింపు ఏమిటో నాకు అర్థమయ్యేది కాదు.

పగలు దిగొచ్చుగా అంటారేమో. ఆ లారీలకి నంబరు ప్లేట్లుండవు, కొన్నిటికి తలుపులు కూడా ఉండవు. యుద్ధంలో తెల్లవాళ్ళ సైన్యం వాడి వదిలేసిన ట్రక్కులు అవి. ఇంజను ఒకచోటనుంచి, ఇరుసులు ఇంకోచోటనుంచి తెచ్చి తగిలించి మావాళ్ళు ఇప్పటికీ నడుపుతున్నారు. పగలు రోడ్డెక్కితే పోలీసులు పట్టుకుంటారు. రాత్రి రోడ్డెక్కితే ఇదిగో, ఇది పట్టుకుంటోంది.

మా తాత సముద్రం దాటి రబ్బరు తోటలో పనికొచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నాది కొండ దిగువన టీ కొట్టు. ఆ లారీ డ్రైవర్లే నా బేరం. వాళ్ళు రావడం మానేశాక చేసిన రొట్టెలు నేనే తినాల్సి వచ్చింది. అందుకని ఆ దెయ్యం మీద నాకు భయం కంటే కోపమే ఎక్కువ.

ఇప్పుడు చెప్పబోయే సంగతి నాకు డ్రైవర్ హారున్ చెప్పాడు. హారున్ అబద్ధాలాడతాడు, ఆ విషయం వాళ్ళమ్మే చెబుతుంది. కానీ ఇది చెబుతున్నంతసేపూ ముందున్న టీ చల్లారిపోయినా ముట్టుకోలేదు. అందుకే నమ్మాను.

నా కొట్టుకి ఎదురుగా చోంగ్ టౌకే షెడ్డు. యజమాని ఎవరైనా ఇక్కడ టౌకేనే. ఆ పాత సైన్యం ట్రక్కుల్ని బాగుచేయడంలో చోంగ్ టౌకేని మించినవాడు ఈ చుట్టుపక్కల లేడు. మనిషి పొట్టి, దగ్గు మాత్రం పెద్దది. వానాకాలంలో పోయాడు. చీనావాళ్ళు పోయినవాళ్ళకి కాగితంతో ఇల్లూ కారూ చేసి తగలబెడతారు కదా, అక్కడ వాడుకుంటారని. చోంగ్ టౌకేకి మాత్రం కూతురు స్యూ లాన్ కాగితం లారీ చేయించింది. అలాంటివి చేసి అమ్మే కాగితాల లోక్ చేశాడు. వెండి కాగితపు దీపాలు, ఎర్ర సీట్లు, ఎంత ముచ్చటగా ఉందో! నిప్పంటించేటప్పుడు మనసొప్పలేదు.

ఆ తరవాతే వెదురు మలుపులో దెబ్బలు మొదలయ్యాయి. అప్పుడు ఎవరికీ ఆ రెంటికీ ముడిపెట్టాలని తోచలేదు.

డ్రైవర్లు ఒక్కొక్కరే మానేశారు. లారీలు తిరగకపోతే బాగుచేయడానికి ఏముంటుంది? స్యూ లాన్ షెడ్డులో ఈగలు తోలుకుంటూ కూర్చుంది. చివరికి కలప కంపెనీ మేనేజరు వచ్చి చెప్పేశాడు.

"ఈ శుక్రవారం రాత్రి ఒక్క లోడు ఆ మలుపు దాటించి చూపించమ్మా. లేదంటే మా లారీల పని వేరేవాళ్ళకి ఇచ్చేస్తా."

పని పోతే షెడ్డు మూత. షెడ్డు మూతపడితే వెనక దొడ్లో ఉన్న తండ్రి సొంత లారీని పాత ఇనుముకి తూకం వేయాల్సిందే. ఆయన కుర్రతనంలో మొదటిసారి బాగుచేసిన ట్రక్కు అది. స్యూ లాన్ ఆ రాత్రి అన్నం తినలేదని పక్కింటివాళ్ళు చెప్పారు. తెల్లారేసరికి మాత్రం జుట్టు ముడేసుకుని ఆ లారీ కింద దూరింది.

"ఏం చేస్తున్నావమ్మాయ్?" అన్నాడు ఫూన్. ముసలి వెల్డరు. చోంగ్‌తో పాటే పని మొదలుపెట్టినవాడు. సిగరెట్టు నోట్లోంచి తీయకుండానే మాట్లాడతాడు.

"దీన్ని లేపుతున్నాను, ఫూన్ బాబాయ్. గుద్దేదేదో గుద్దనీ. ఎవరి బంపర్ వంగుతుందో చూద్దాం."

ఫూన్ సిగరెట్టు నోట్లోంచి తీశాడు. అదే మొదటిసారి అంటాడు హారున్.

"వెనక బంపరా?"

"వెనక బంపరే."

ఇక చూడండి. పాత రైలు పట్టా ముక్కలు రెండు తెచ్చారు. మధ్యలో పామాయిలు మిల్లులో పారేసిన లావుపాటి గొట్టం పెట్టి అతికారు. దానికి గొలుసులతో పాత టైర్లు కట్టారు. చూస్తే ఓడరేవులో గోడలా ఉంది. తీరా బిగించాక లారీ ముందు చక్రాలు నేల మీద ఆనీ ఆననట్టు నిలబడ్డాయి.

"బరువు చాల్లేదు ముందు," అన్నాడు ఫూన్.

అందుకని ముందు కూడా ఒక బంపర్ చేశారు. అది మరీ బరువైంది. కమానుకట్టలు కూలబడ్డాయి. వాటికి ఇంకో నాలుగు రేకులు కలిపారు. లారీ ఎత్తు పెరిగింది, వెనక బంపర్ మరీ పైకి పోయింది. దాన్ని కోసి కిందికి దించి మళ్ళీ అతికారు. ఫూన్‌కి ఈ పనిలో ఎంత ఆనందమో! ముఖం మీద నిప్పురవ్వలు పడుతున్నా తుడుచుకోలేదు.

హారున్ అటూ ఇటూ తిరిగి చూశాడు. "అంతా బానే ఉంది గానీ అక్కా... దుంగలెక్కడ పెట్టాలి?"

"పెట్టినన్ని పెట్టు."

"మోయగలదంటావా?"

"మా నాన్న లారీరా అది!"

శుక్రవారం రాత్రి అయిదంటే అయిదు దుంగలు వేసుకుని బయల్దేరారు. స్టీరింగు దగ్గర హారున్, మధ్యలో స్యూ లాన్, తలుపు లేని వైపు ఫూన్. పైన చినుకులు. అడవిలో కప్పలు అరుస్తున్నాయి. మలుపు దగ్గరపడేసరికి... అవి కూడా ఆగిపోయాయి.

హారున్ ప్రార్థన చదువుకోవడం మొదలుపెట్టాడు.

"గట్టిగా చదవకు," అంది స్యూ లాన్ మెల్లగా. "వెనక చప్పుడు వినపడనీ."

వెదురు ఒకదానికొకటి రాసుకుంటున్న చప్పుడు. ఇంజను మూలుగు. ఇంకేమీ లేదు. సగం మలుపు తిరిగారు... ఇంకాస్త...

డబ్.

"వచ్చేసింది!" హారున్ గొంతు కీచుమంది. కాలు యాక్సిలరేటర్ మీదికి పోయింది.

"ఆగు!" ఫూన్ వాడి మోకాలు పట్టుకున్నాడు. "తొక్కకు. ఒక్క నిమిషం... తొక్కకు."

"గుద్దింది మామా!"

"గుద్దలేదురా." ఫూన్ చెయ్యి సీటు మీద పరిచి కళ్ళు మూసుకున్నాడు. లారీ బరువు సీటులోంచే తెలుసుకునే మనిషి. "ఇది గుద్దడం కాదు... ఆనుకోవడం."

అప్పుడు ముగ్గురికీ తెలిసింది. దెబ్బ తరవాత వెనకనుంచి మెత్తగా, వదలకుండా, ఏదో ఒత్తుతోంది. ఆ ఒత్తిడి వాళ్ళకి కొత్తది కాదు. ఆ కొండల్లో లారీకి బ్రేకు పోతే, వెనకవాడు మెల్లగా వచ్చి తన ముందు బంపర్ని ముందు లారీ తోకకి ఆనిస్తాడు. రెండుసార్లు హారన్ కొడతాడు. ముందువాడు చిన్న గేరులోకి దించి, ఆ బరువంతా తనే ఆపుకుంటూ ఇద్దర్నీ కిందికి దింపాలి. అది అక్కడి మర్యాద. ఆనినవాణ్ణి వదిలేసి పరిగెత్తినవాడికి ఆ తరవాత ఎవరూ టీ కూడా పోయించరు. నేనూ పోయను.

వెనకనుంచి హారన్ వినిపించింది.

పీప్... పీప్.

లారీ హారన్ కాదది. దువ్వెన మీద కాగితం పెట్టి పిల్లలు ఊదుతారే, అచ్చం అలాగే ఉంది.

హారున్‌కి ప్రాణం పోతోంది. కానీ చెయ్యి అలవాటు ప్రకారం దానంతటదే గేరు దించేసింది. లారీ మూలుగుతూ, అంగుళం అంగుళం దిగడం మొదలుపెట్టింది. వెనక బరువు అలాగే ఉంది. అంత బరువైన బంపర్ని నొక్కుతోంది గానీ ఇనుము చప్పుడు లేదు. కరకర... కరకర... అని ఎండుటాకు నలిగిన చప్పుడు.

తరవాత ఒక దగ్గు.

స్యూ లాన్ రెండు చేతులతో నోరు మూసుకుంది. ఆ దగ్గు ఆ ఇంట్లో పెరిగిన పిల్లకి తెలియదా?

కొండ దిగువన నేల చదునయ్యాక బరువు వదిలేసింది. టార్చి వేసుకుని దిగారు. ఎవరూ లేరు. రోడ్డు మీద వాళ్ళ చక్రాల గుర్తులే ఉన్నాయి. బంపర్ మీద గీత కూడా పడలేదు. టైరుకీ గొలుసుకీ మధ్య మాత్రం ఏదో ఇరుక్కుని మెరుస్తోంది. స్యూ లాన్ లాగి చూసింది. సగం కాలిన వెండి కాగితం. దాని వెనక సన్నటి వెదురు బద్ద, విరిగిపోయి ఉంది.

కాగితాల లోక్ అతికించిన దీపం అది.

"బాబాయ్..." ఆమె ఆ కాగితాన్ని ఫూన్‌కి చూపించింది. "మనం లారీ పంపించాం... లోక్ దానికి బ్రేకులు పెట్టాడా?"

ఫూన్ తలొంచుకున్నాడు. "కాగితం లారీకి బ్రేకులెవరు పెడతారమ్మా? బంపర్ కూడా పెట్టలేదు. దీపాలు మాత్రం పెట్టాడు వెధవ."

"నాన్న రోజూ రాత్రి బ్రేకుల్లేకుండా కొండ దిగుతున్నాడా! ఆనుకుందామని వస్తే అందరూ పారిపోతున్నారా!"

అక్కడే బురదలో కూలబడి ఏడ్చింది. అలా పారిపోయినవాళ్ళలో తనూ ఉన్నందుకు హారున్ కూడా ఏడ్చాడు. అది వాడు చెప్పలేదు, ఫూన్ చెప్పాడు.

మేనేజరుకి లోడు అందింది. కానీ స్యూ లాన్ అతని మాట కూడా వినకుండా నేరుగా లోక్ కొట్టుకెళ్ళింది.

లోక్‌కి పౌరుషం పొడుచుకొచ్చింది. "ఇన్నేళ్ళుగా ఇంతమందికి పంపాను. తిరిగొచ్చి ఫిర్యాదు చేసినవాడు ఒక్కడు లేడు!"

"ఎలా వస్తారు, బ్రేకుల్లేకుండా?" అన్నాడు ఫూన్.

ఆ తరవాత వారం రోజులు లోక్‌కి నరకం చూపించాడు. పక్కన స్టూలేసుకు కూర్చుని కాగితం డ్రమ్ములు, కాగితం బ్రేకు పట్టీలు, కాగితం గొట్టాలు అన్నీ చేయించాడు. గొట్టాల్లో నిజం బ్రేకు ఆయిలే పోశాడు. బంపర్ దగ్గరికొచ్చేసరికి ఇద్దరికీ కొట్టుకున్నంత పనైంది. లోక్ చేసి ఇస్తాడు, ఫూన్ కాలితో తన్ని చూస్తాడు, అది విరుగుతుంది.

"కాగితమయ్యా బాబూ!" అని లోక్ మొత్తుకున్నాడు.

"ఇంకో పొర వెయ్."

ఎన్ని పొరలు వేశాడో గానీ చివరికి ఫూన్ తన్నితే ఫూన్ కాలే వాచింది. అప్పుడు సరేనన్నాడు. చీనావాళ్ళ లెక్కలో ఏడో నెల, పోయినవాళ్ళు బయట తిరిగే రోజుల్లో, షెడ్డు ముందు ఆ లారీని తగలబెట్టారు. బ్రేకు ఆయిలు మూలాన మంట నా కొట్టు చూరుదాకా లేచింది. లారీ అంతా బూడిదయ్యాక కూడా బంపర్ ఇంకా కాలుతూనే ఉంది.

ఆ రాత్రి హారున్ వెదురు మలుపు దిగాడు. ఏమీ ఆనలేదు. మర్నాడు ఇంకో డ్రైవరు దిగాడు, ఇంకొకడు, ఇంకొకడు. షెడ్డుకి పని మొదలైంది. నా రొట్టెలు మళ్ళీ జనం తింటున్నారు.

ఇక్కడితో అయిపోతే బాగుండేది.

పోయినవారం షెడ్డులో టీలు ఇస్తున్నాను. ఇది ఎవరో చెప్పింది కాదు, నేను కళ్ళారా చూసింది. యాప్ ముసలమ్మ గొడుగు ఊపుకుంటూ లోపలికొచ్చింది.

"ఏమే స్యూ లాన్! మీ నాన్న మా ఆయన కారుని గుద్దాడే!"

వాళ్ళాయన పోయి ఏడాది దాటింది. తెల్ల కాగితం కారు పంపారు.

"ఎక్కడ అవ్వా?"

"ఇంకెక్కడ, అక్కడే! రాత్రంతా మా ఆయన కల్లోకొచ్చి ఒకటే గోల. వెనక భాగమంతా నుజ్జునుజ్జట!"

స్యూ లాన్ చేతిలో పానా కింద పెట్టింది. "గుద్ది వెళ్ళిపోయాడా... ఆగాడా?"

"ఎందుకాగడు, ఠక్కున ఆగాడట. దిగి దగ్గుకుంటూ కారు చుట్టూ తిరిగి, 'ఇంత పల్చటి రేకా! రేపు మా షెడ్డుకి తీసుకురా, గట్టి బంపర్ వేసిస్తా' అన్నాడట. అక్కడ కూడా షెడ్డు పెట్టాడు మహానుభావుడు!"

స్యూ లాన్ నవ్వింది. తండ్రి పోయాక ఆ పిల్ల నవ్వడం నేను చూడలేదు. కళ్ళనీళ్ళు కారిపోతున్నా నవ్వుతూనే ఉంది.

"మరి... బంపర్ వేశాడా?" అని అడిగింది.

"ఎక్కడ? ఇనుముందట, వెల్డింగు కడ్డీలున్నాయట. అతికేవాడు లేడట." ముసలమ్మ గొడుగు ఫూన్ వైపు తిప్పింది. "ఈయనకోసం చూస్తున్నాడట. స్టూలు కూడా తుడిచి పెట్టాడట."

ఫూన్ సిగరెట్టు నోట్లోంచి జారి కిందపడింది. వంగి తీసుకోలేదు. చేతి తొడుగులు విప్పి, జాగ్రత్తగా మడిచి, బల్లమీద పెట్టి బయటికి నడిచాడు.

నేను వెనకాలే వెళ్ళాను. నేరుగా కాగితాల లోక్ కొట్టుకెళ్ళాడు. తలుపు దగ్గరే నిలబడి, గుసగుసగా...

"లోక్... ఒక కాగితం మనిషిని చెయ్. వెల్డింగు మనిషి. కళ్ళద్దాలు, చేతి తొడుగులు అన్నీ ఉండాలి."

"చేస్తాలే. ఎప్పటికి?"

"ఈ రాత్రికే. చోంగ్ నన్ను పిలిచేలోగా పంపాలి. ఇంకో మాట..." ఫూన్ అటూ ఇటూ చూశాడు. "ముఖం మాత్రం నాలా ఉండకూడదు."