కొవ్వు పొర మీద పులుపు

"చింతపండు నాలుక మీద పెట్టుకుంటే పుల్లగా ఎందుకుంటాదో చెప్పండి చూద్దాం?"

మనవడు నాలుక బయటపెట్టినాడు. మనవరాలు పకపకా నవ్వింది.

"ప్రోటాన్లురా. పులుపంటే అవే," అంది అవ్వ. "కంటికి కనపడవు. మన ఒంట్లో ప్రతి కణం చుట్టూ కొవ్వుతో అల్లిన పల్చని పొర ఉంటాది. ప్రోటాను దాని మీద పడితే వెంటనే నీళ్లలోకి దిగిపోదు. గిన్నె అంచున చీమ మాదిరి పాకుతాది. ఎంత వేగంగా పాకుతాదో కొలిచేది లహరి అనే పిల్ల పని. ఇనండి మరి."

అనంతపురంలో ఒక కాలేజీ. ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం. కిటికీలకు నల్లకాగితం అంటించిన గది. నాలుగేళ్ల చదువుకు పట్టా రావాలంటే లహరికి మూడు కొలతలు కావాల. అరువు తెచ్చిన లేజరు సాయంత్రానికి వెనక్కి పోవాల.

పొరకు కావలసిన కొవ్వు పొట్టేలి మెదడులోంచి తీసింది. అటెండరు బసప్ప మొన్న బెళుగుప్ప పక్కన తన ఊరి జాతర నుంచి ఆ తలకాయ తెచ్చినాడు. ఎన్ని మందులతో కడిగినా మాడిన కొవ్వు, తడిసిన బొచ్చు కలిసిన కంపు పోలేదు. గాజుపలక మీద పొర చీములాగా పచ్చగా మెరుస్తాంటే లహరి చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఏమన్నా బసప్పన్నా, కుళ్లిన తల తెచ్చినావా?"

"అమ్మవారికి కోసిన తలమ్మా, కుళ్లిందంటావే! నోట్లో దాని కాలే పెట్టి, నెత్తిన దాని కొవ్వుతోనే దీపం పెడతారు. అది దానంతటదే ఆరేదాకా ముట్టగూడదు."

"ఆరినాకే కదా తెచ్చింది?"

బసప్ప తల గోక్కున్నాడు. "నువ్వేమో తొందర పెడితివి. ఆడ బస్సు పోతాండాది... ఊదేసినా."

"నీ మొగం!" అని నవ్వి, లహరి మీట నొక్కింది.

వెలుగు తగలగానే పొర మీద ఒకచోట పులుపు పుట్టాల. వెంట్రుకవాసి దూరంలో ఉన్న రంగు దగ్గరికి అది పాకితే రంగు మసకబారాల, తెర మీద గీత దిగాల. దిగింది. నాలుగేళ్లలో మొదటిసారి! అదే క్షణంలో ఆమె నాలుక కొసన... పులుపు. పులిసిన కుడితి పులుపు.

రెండోసారి నొక్కింది. గీత దిగింది. పులుపు దవడపళ్ల దాకా పాకింది. ఉమ్మేయాలనిపించింది. అయినా ఇంకొక్కటి చాలు కదా... నొక్కింది.

మూడోదీ వచ్చింది. లేజరు ఆపేసింది.

గీత ఆగలేదు. దిగింది... లేచింది... దిగింది... నిదానంగా, ఒకే తీరుగా.

చీకట్లో తడి చప్పుడు. ఎవరో నములుతాన్నారు.

"బసప్పన్నా... ఏం తింటాండావు?" గుసగుసగా అడిగింది.

"నేను కాదమ్మా..." తెర వెలుగులో ఆమె మొగమే చూస్తా బసప్ప వెనక్కి జరిగినాడు. "నీ దవడే... ఆడతాండాది."

చెయ్యి పెట్టి చూసుకుంది. దవడ అడ్డంగా కదులుతా ఉంది. పట్టుకున్నా ఆగలేదు. కడుపులోంచి వెచ్చగా, జిగటగా ఏదో నోట్లోకొచ్చింది... నలిగింది... గొంతులోకి దిగింది... మళ్లీ వచ్చింది.

బసప్ప కిటికీ కాగితం చింపేసినాడు. లహరి తొట్టిలోకి భళ్లున కక్కింది.

ఎండ వెలుగులో ఇద్దరూ వంగి చూసినారు. పచ్చగడ్డి. సగం నమిలిన లేత పచ్చగడ్డి.

"పట్టా వచ్చిందా అవ్వా?" మనవరాలి గొంతు పీలగా వినపడింది.

"వచ్చింది. ఆ మూడు కొలతలతోనే. కానీ ఆ ఏడు ఈ పక్క చినుకు పడలేదు. బెళుగుప్ప నుంచి తాడిపత్రి దాకా గొర్రె కొరకను పచ్చని పోచ లేదు. ఆ గడ్డి యాడ మేసిందో..."

అవ్వ మోకాళ్ల మీద చేతులానించి లేచింది.

"విత్తనం చెనక్కాయలు ఇంకా అర మూట ఒలిచేది ఉండాది," అంటా వసారాలోకి పోయింది.