తలుపు దగ్గర జోడీ

జీతం పెరిగాక ఆ ఇంటికి వచ్చిన మొదటి వస్తువు బట్టలుతికే మిషను. పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి ఆమె దాని మీట నొక్కేది. అది గుడగుడమంటుంటే గోడ అవతలి నుంచి పక్కింటావిడ, "ఏమమ్మా వార్డరుగారి భార్యా! మీ మిషను లేచింది, ఇక మేమూ లేవాల్సిందేగా" అని ఎకసెక్కాలాడేది. ఆమెకి ఆ దెప్పిపొడుపు కూడా ముద్దుగానే ఉండేది. మరి ఊరికే వచ్చిందా ఆ జీతం? జైలు గేటు ముందు మండుటెండలో, చంకలో పిల్లతో కూర్చుని, మిగతా వార్డర్ల ఇళ్ళ ఆడవాళ్ళతో కలిసి గొంతు బొంగురుపోయేదాకా అరిస్తే వచ్చింది.

ఆ రోజూ మిషను తిరుగుతోంది. అత్తగారు వరండాలో కూర్చుని పాత దుప్పటికి కుట్లు వేస్తోంది. భర్త కంచం ముందు నుంచి సగంలోనే లేచి, ఖాకీ చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. ఈమధ్య అతని తీరే అంత. తిండి సయించదు, కంటికి కునుకు లేదు. ఏమైందంటే "ఏం లేదు" అంటాడు. అసలే నోట్లో నాలుక లేని మనిషి, ఉన్న నాలుగు మాటలూ మింగేశాడు.

ఉన్నట్టుండి సామాన్ల గదిలో దభీమని చప్పుడైంది. వెంటనే చిట్టితల్లి ఏడుపు. మిషను హోరులో ఆ ఏడుపు పెరట్లో ఉన్న ఆమెకి ఆలస్యంగా చేరింది. తడి చేతులతోనే పరుగెత్తుకొచ్చి, గది ముందు ఆగిపోయింది.

తలుపుకి గడియ కూడా లేదు, ఓరగా వేసి ఉంది అంతే. అతను దాని మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. తొయ్యడం లేదు. నుదుటి మీద చెమటలు. ఎవరూ లేని నడవ వైపు తల తిప్పి, "జోడీ! జోడీ!" అని గట్టిగా కేకలు పెడుతున్నాడు.

ఆమె అతన్ని ఒక్క తోపు తోసి లోపలికి దూకింది. బల్ల తిరగబడి ఉంది. మూడేళ్ళ పిల్ల పెదవి చిట్లి, గౌను మీద నెత్తురు.

"మీరసలు మనిషేనా? పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే గుమ్మం ముందు దిష్టిబొమ్మలా నిలబడతారా?"

"ఏమైందిరా నీకు?" అంటూ అత్తగారు సూది పట్టుకునే వచ్చింది. "పిల్లకంటే భయస్తుడివైపోయావేంట్రా?"

అతను చేతులు రెండూ వెనక్కి దాచుకున్నాడు. పిల్ల వైపు చూడలేదు.

"నాన్నా, నువ్వెందుకు రాలేదు?" అంది చిట్టితల్లి, వెక్కిళ్ళ మధ్య.

ఆ మాటకి అతను గోడకి ఆనుకుని అలాగే కింద కూలబడిపోయాడు.

"మాకో పద్ధతి ఉంది. ఖైదీ గది తలుపు ఒక్కడే తియ్యకూడదు. ఒకడు ఉత్తచేతులతో లోపలికెళ్ళాలి, ఒకడు తాళంచెవితో గుమ్మంలో ఉండాలి. లోపలికెళ్ళేవాడు 'జోడీ' అంటే, గుమ్మంలో వాడు 'ఉన్నా' అనాలి. ఆ మాట వినపడకపోతే అడుగు వెయ్యకూడదు."

"తెలుసులెండి. మీ జోడీ ఆ నవ్వుల బాబాయే కదా?"

"ఆయన్ని ఇంటికి పంపేశారే, నీతో చెప్పలేకపోయాను. జీతాలు పెరిగిన నెలలోనే. పై నుంచి కొత్తగా రూపాయి రాలేదు. సగం మందిని తీసేసి, వాళ్ళ జీతాలే మాకు పంచారు. నాకు పెరిగింది నా జీతం కాదు, నా జోడీ జీతం."

పెరట్లో మిషను ఇంకా తిరుగుతూనే ఉంది. ఆమె వెళ్ళి మీట ఆపేసి వచ్చింది.

"మొన్న నా బ్లాకులో ఒకడికి మూర్ఛ వచ్చింది. నేనొక్కణ్ణే ఉన్నాను. పక్క బ్లాకు వాణ్ణి పిలిచాను, ఈల ఊదాను. వాడూ ఒక్కడే, తన చోటు వదిలి రావాలి. ఈలోపు చువ్వల్లోంచి చెయ్యి పెట్టి ఆ మనిషి వేళ్ళు పట్టుకున్నాను. తాళంచెవి నా నడుముకే ఉంది. తియ్యలేదు. వేళ్ళు చల్లబడిపోయాయి."

అతను ఖాకీ చొక్కా చివరి గుండీ పెట్టుకున్నాడు.

"ఇవాళ విచారణ. ఇద్దరం ఉన్నామని చెప్పమన్నారు మా జైలు పెద్దాయన. అలా చెబితే ఏ గొడవా లేదు. ఒక్కణ్ణే ఉన్నానంటే, ముందు పోయేది నా ఉద్యోగమే."

"అలాగే చెప్పెయ్యరా నాన్నా," అంది అత్తగారు. "పోయినవాడు ఎలాగూ తిరిగిరాడు. ఉన్నవాళ్ళ నోట్లో మట్టి కొట్టకు."

ఆమెకీ నాలుక చివరిదాకా అదే మాట వచ్చింది. ఇంటద్దె, పిల్ల బడి, అత్తగారి మందులు కళ్ళ ముందు గిర్రున తిరిగాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"ఆ మనిషికి ఎవరైనా ఉన్నారా?" అని మాత్రం అడిగింది.

"తల్లి ఉంది. రోజూ గేటు ముందే కూర్చుంటోంది. కనపడిన ఖాకీనల్లా అడుగుతోంది. నేను తల వంచుకుని వెళ్ళిపోతున్నాను."

గేటు ముందు. తను కూర్చున్న చోటే. తన పిల్ల రెండు నిమిషాలు ఏడిస్తేనే ప్రాణం ఉగ్గబట్టుకోలేకపోయింది, ఆ తల్లి ఎలా కూర్చుంటోందో. పైటకొంగుతో పిల్ల పెదవి అద్దుతుంటే ఆమెకి దుఃఖం తన్నుకొచ్చింది. ఆ గేటు దగ్గర "పెంచాలి, పెంచాలి" అని అరిచిన గొంతు తనదే. ఎవరి నుంచి తీసి పెంచుతారని ఒక్కరం కూడా అడగలేదే!

"లేవండి," అంది. "ఉన్నది ఉన్నట్టు చెప్పండి."

"తర్వాత?"

"తర్వాతా ఇద్దరమే. పస్తులుంటే ఇద్దరం ఉందాం. నేనూ వస్తున్నాను పదండి."

"నీకు మతిపోయిందా కోడలా!" అని అత్తగారు నెత్తి కొట్టుకుంది. కొట్టుకుంటూనే వెళ్ళి, పిల్లకి ఉతికిన గౌను తెచ్చి తొడిగింది.

జైలు గోడ నీడలో సిమెంటు బల్ల మీద ముసలామె కూర్చుని ఉంది. ఒళ్ళో మడతపెట్టిన చొక్కా. లోపలి వాళ్ళు తిరిగిచ్చింది కాబోలు.

అతను గేటుకున్న చిన్న తలుపు దాకా వెళ్ళి ఆగిపోయాడు. ఇంట్లో ఆగినట్టే, చెయ్యి తలుపు మీద వేసి. తర్వాత వెనక్కి తిరిగాడు. గొంతు పైకి రాలేదు, పెదవులు కదిలాయంతే.

"జోడీ."

"ఉన్నా!" అంది ఆమె, వీధంతా వినపడేలా.

అతను తల వంచకుండా లోపలికి వెళ్ళాడు.

ఆమె పిల్లని ఎత్తుకుని బల్ల మీద ఆ చివర కూర్చుంది. ముసలామె కాస్త జరిగి చోటిచ్చింది.

"వార్డరుగారి తాలూకానా తల్లీ? ఆయన్నొక్క మాట అడిగి చెబుతావా? మావాడు చివర్లో ఎవరినైనా పిలిచాడా అని?"

ఆమె పిల్లని ఒళ్ళో సర్దుకుంది. ముసలామె చేతి మీద చెయ్యి వేసింది. ఆ వేళ్ళు చల్లగా ఉన్నాయి.

"ఆయనే వచ్చి చెబుతారమ్మా. ఆ రోజు తలుపు బయట ఉన్నది ఆయనే. వచ్చేదాకా నేనిక్కడే ఉంటాను."