దారి మూస్తే దొరికిన చెయ్యి

మొదటి ఆనకట్ట గేట్లు వాటంతటవే లేచినప్పుడు ఏమన్నారు మీరు? "యంత్రానికి సొంత బుద్ధి పుట్టింది, మేమేం చేస్తాం" అన్నారు. టై సర్దుకుని టీవీలో మరీ అన్నారు! కొట్టుకుపోయిన కాలనీకి ఆ జవాబు చాలనుకున్నారా, ఆనకట్టల శాఖ పెద్దమనుషులూ?

ఏజెంట్ పిల్లికి చాలలేదు. అడుగుల చప్పుడు వినపడదని గూఢచారి డిపార్ట్‌మెంటు పెట్టిన పేరది.

చీఫ్ ముక్తసరిగా చెప్పాడు: "విదేశీ ముఠా. రెండో ఆనకట్ట ఇవాళే. నింద మళ్లీ గేట్లు నడిపే ఏఐ మీదే. లోపల మన మనిషి సిల్క్ మేడమ్. కోడ్‌వర్డ్ గొడుగు."

ఆ గేట్లు లేస్తే ముందు మునిగేది పిల్లి మేనకోడలు చదివే బడి.

ఏసీ మెకానిక్ వేషంలో కంట్రోల్ రూమ్‌కి వెళ్లాడు. ఏసీని చెడగొట్టింది కూడా డిపార్ట్‌మెంటే. లోపల ఇద్దరే: స్క్రీన్ ముందు చెమటలు కక్కుతున్న పరిశోధకురాలు, అంటే పిల్లి అక్క, పక్కన ముత్యాల కమ్మలతో సిల్క్ మేడమ్.

"గొడుగు తెచ్చారా?" అడిగాడు పిల్లి.

"ఎండకే," నవ్వింది మేడమ్.

పిల్లి టోపీ తీశాడు. అంతలో స్క్రీన్ మీద గేటు బొమ్మ ఎర్రబడింది.

"అయిపోయింది. దానికి బుద్ధి వచ్చేసింది," అంది మేడమ్.

"బుద్ధా, బూడిదా! అక్కా, దానికి సొంత గురి ఉందో లేదో మీ ల్యాబులో ఎలా తేలుస్తారు?"

"దారి మూసి చూస్తాంరా. గురి ఉన్నదైతే ఇంకో దారి వెతుక్కుంటుంది. లేనిదైతే మూసిన తలుపుకే తల బాదుకుంటుంది. కానీ ఒక్క పరీక్షతో..."

"ఒక్కదానికే టైముంది. మూసెయ్!"

యంత్రం నుంచి గేటుకి ఆదేశాలు వెళ్లే లైన్లు రెండు. అక్క మొదటి లైను తెంపింది. రెండోది కావాలనే తెరిచి ఉంచింది. యంత్రం అటు చూడనే లేదు. తెగిన లైనుకే అదే ఆదేశం, మళ్లీ అదే ఆదేశం.

సిల్క్ మేడమ్ చెయ్యి మెల్లగా కమ్మ మీదికి వెళ్లింది. రెండో లైను భగ్గున వెలిగింది.

"చూశారా, దారి వెతుక్కుంది!" అని అరిచింది మేడమ్.

"వెతికింది అది కాదు, మీ చెవి."

పిల్లి ఆమె మణికట్టు పట్టి మెలిపెట్టాడు. కమ్మ నేలరాలి, లోపల దాచిన ముఠా మీటతో సహా బూటు కింద చిట్లింది. బయట గేటు జానెడు లేచి, కీచుమని ఆగిపోయింది.

అక్క కుర్చీలో కూలబడింది. "ఆ ఏసీ కూడా చూసి ఏడువు. ఉడికి చస్తున్నా."

యంత్రానికి సొంత గురి పుడుతుందా అని పరిశోధకులు ఇంకా కొట్లాడుకుంటూనే ఉన్నారు. కొట్లాడుకోనివ్వండి. మీరు మాత్రం మొదటి ఆనకట్ట కేసు ఇవాళే తిరగదోడండి. ఆ రోజు అక్కడి కంట్రోల్ రూమ్‌లో ఎవరి చెయ్యి ఎక్కడుందో బయటపెట్టండి. కాదు, యంత్రానికే సంకెళ్లు వేస్తామంటారా? అయితే ముందు దాని మణికట్టు ఎక్కడుందో చూపించండి!