ఒక కాఫీ, రెండు కప్పులు

“నల్లబంగారం భద్రమేనా?”

ఇయర్‌పీస్‌లో చీఫ్ ప్రశ్న. ఏజెంట్ హరిప్రసాద్ గొంతు తగ్గించాడు. “సేఫ్ సార్. కిటికీ పక్క టేబుల్. మన ఏజెంట్ పద్మప్రియ తోడుంది. టిఫిన్ కాగానే హైదరాబాద్ బయల్దేరతాం.”

ఆదివారం ఉదయం ఎనిమిదిన్నర. ఖమ్మం వైరా రోడ్డులోని ఆ కేఫ్‌లో ఊరంతా దోసెల మీద పడింది. దేశాన్ని కాపాడే ఏజెంటైనా సెల్ఫ్ సర్వీసు లైన్లో నిలబడాల్సిందే. కాఫీకి వేరే కౌంటరు; టిఫిన్ లైన్లో అతని టోకెన్ డెబ్బై మూడు. కౌంటర్లో పిలుస్తున్నది యాభై ఎనిమిది.

నల్లబంగారం కోడ్ నేమ్. అసలు పేరు సారయ్య. బొగ్గు గనిలో, ఆయన మాటల్లో బాయిలో, ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. పోయిన వారం పినపాక అడవిలోకి పుట్టగొడుగులకు వెళ్ళి, విదేశీ ముఠా దాచిన వైర్‌లెస్ స్టేషన్‌ను చూశాడు. ముఠా నాయకుడి ముఖం చూసి బతికున్నది ఆయనొక్కడే.

“హరీ, కదలకుండా విను. ఈ లైను నీ ఒక్కడికే.” చీఫ్ గొంతు మారింది. “పద్మప్రియ డబుల్ ఏజెంట్. ఇప్పుడే కన్ఫర్మ్ అయింది. ఆయనకు తెచ్చిచ్చిన కాఫీలో విషం కలిపింది, కేఫ్ కెమెరాలో చూశాం. కుడి చెయ్యి హ్యాండ్‌బ్యాగులో ఉంది. పిస్టల్.”

హరిప్రసాద్ టోకెన్ చూసుకుంటున్నట్టు తల వంచాడు. “అరిస్తే?”

“హాలంతా పిల్లలు. కాల్చేస్తుంది.”

జేబులో మత్తుసూది విసిరే పెన్ ఉంది. తీసి గురిపెట్టాడు. మధ్యలోకి పూరీ ప్లేట్లతో ఒక కుటుంబం వచ్చింది. అది పోయేలోపు ఇంకొకటి. అడుగు పక్కకు వేస్తే వెనక నుంచి ఒకావిడ అడ్డుపడింది.

“ఏంది సార్, గంట నుంచి నిలబడ్డం మేము. లైన్ల రాండ్రి.”

“ఒక్క నిమిషమమ్మా.”

“గా నిమిషం మాకు లేదా?”

పదిహేను అడుగుల దూరంలో ఒక మనిషి చావబోతున్నాడు. తను టోకెన్ పట్టుకుని చూస్తున్నాడు. పన్నెండేళ్ళ సర్వీసులో ఇంత చేతకానివాడిలా ఎప్పుడూ నిలబడలేదు. ఏడుపొచ్చింది.

సారయ్య కప్పు ఎత్తాడు. పెదవుల దాకా తెచ్చాడు.

ఆగాడు. టేబుల్ తుడిచే ఆవిడతో ఖాళీ కప్పొకటి తెప్పించి, సగం కాఫీ అందులో పోశాడు. పద్మప్రియ మైకులోంచి ఆయన మాటలు ఇయర్‌పీస్‌లో వినిపించాయి.

“తీస్కో బిడ్డా.”

“నాకొద్దు పెద్దాయనా. మీరు తాగండి.”

“బాయిల ఒక్కడే తాగుడు ఉండదు బిడ్డా. ఎదుటోళ్ళు తాగినంకనే మనం.”

“నాకు కాఫీ పడదు.”

“గట్లయితే నేను గూడ తాగ.” సారయ్య నొచ్చుకుని కప్పు దూరంగా జరిపాడు.

పద్మప్రియ నవ్వు ఆరిపోయింది. ఆయన తాగాలంటే తను తాగినట్టు నటించాలి. ఎడమ చెయ్యి చాపింది.

“ఎడమ చెయ్యేంది బిడ్డా? కుడి చేత్తో తీస్కో.”

ఆమె ఒక్క క్షణం తటపటాయించింది. తర్వాత హ్యాండ్‌బ్యాగులోంచి కుడి చెయ్యి బయటికొచ్చింది. కప్పు పట్టుకుంది.

అంతే, హరిప్రసాద్ రెండు టేబుళ్ళ మీదుగా దూకి ఆ మణికట్టు ఒడిసిపట్టాడు. సాంబారు ఎవరి చొక్కా మీద పడిందో చూసే తీరిక లేదు.

పోలీసులు ఆమెను తీసుకెళ్ళాక కుర్చీలో కూలబడ్డాడు. కప్పుల్లో ఏముందో సారయ్యకు చెప్పాడు. ఆయన లేచి వెళ్ళి ఇంకో కాఫీ తెచ్చి రెండు కొత్త కప్పుల్లో పోశాడు.

“తాగు సార్.”

“మీరు ముందు.”

“నువ్వే ముందు.”

హైదరాబాద్ ప్రయాణం అరగంట ఆలస్యమైంది. రిపోర్టులో కారణం: కాఫీ చల్లారేదాకా ఎవరూ ముందు తాగలేదు.