పక్కా మిద్దె

ఉగ్గాని కోసం నానబెట్టిన బొరుగుల్లో పెచ్చు పడింది. అరచేయంత సిమెంటు ముక్క. బయమ్మ తల ఎత్తి చూసింది. వంటింటి కప్పులో ఇంకో ఇనుప కమ్మి బయటపడి, తుప్పు పట్టి ఎర్రగా కనబడింది. నిన్నటికి మూడు, ఈరోజుకు నాలుగు. బొరుగులు బయట పారబోసి, ఆ పెచ్చును మాత్రం తీసుకెళ్లి, పనికి బయలుదేరుతున్న మొగుడి చేతిలో పెట్టింది.

నాగన్న దాన్ని వెలుతురుకు తిప్పి చూశాడు.

"పైపూత ఇది. కాంక్రీటు కాదు," అన్నాడు.

ఒకప్పుడు బయమ్మకు కోపం గొంతులోకి వచ్చేది. ఇప్పుడు భుజాల్లోకి వస్తోంది, బిందెలు మోసిన నొప్పిలాగా. పెచ్చు ఏ జాతిదో చెబితే అది పడనట్టేనని ఈ మనిషి ఎలా నమ్ముతాడో ఆమెకు అర్థం కాదు.

నాగన్న బేల్దారి మేస్త్రీ. అనంతపురంలో అతని చేతి గోడలు లేని కాలనీ తక్కువ. ఈ ఇల్లూ అతను కట్టిందే, ఇరవై నాలుగేళ్ల కింద. పోయిన చలికాలంలో వాళ్ల కాలనీకి ప్రభుత్వ నిధులు వచ్చాయి. మురికి కాలువలు, సిమెంటు రోడ్డు, దెబ్బతిన్న పైకప్పుల మరమ్మతుకు గ్రాంటు. వార్డు సచివాలయం నుంచి కృపాకుమారి అనే అమ్మాయి ట్యాబు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. బయమ్మ ఆ పూట ఇంట్లో లేదు. మిద్దె ఎలా ఉందని ఆ అమ్మాయి అడిగితే, నాగన్న గడపలో నిలబడి ఒకే మాట చెప్పాడు. పక్కా.

అతని నోట్లో పక్కా అంటే పనికి వంక పెట్టలేరని. ట్యాబులో పక్కా అంటే మరమ్మతు అక్కర్లేదని. ఆ వీధిలో పదకొండు ఇళ్లకు గ్రాంటు వచ్చింది, వీళ్లకు రాలేదు. పక్కింటి బసప్ప ఆ దుడ్లతో కప్పు తీయించి కొత్త స్లాబు వేయించుకుంటున్నాడు. ఆ పనికి మేస్త్రీ ఎవరంటే నాగన్నే. పొద్దున తన కప్పు కింద తిని, పగలంతా పక్కింటి కప్పు కట్టి, సాయంత్రం మళ్లీ తన కప్పు కిందికి వస్తాడు. దీన్ని ఎవరికైనా చెప్పుకుంటే నవ్వుతారని బయమ్మ చెప్పుకోవడం మానేసింది.

పెచ్చు పడిన ఆ పొద్దున ఆమె సచివాలయానికి పోవడం నాలుగోసారి. మొదటిసారి సర్వర్ లేదన్నారు. రెండోసారి కృపాకుమారి మీటింగులో ఉంది. మూడోసారి, ఇంటి యజమాని పేరు నాగన్న కాబట్టి నాగన్నే రావాలన్నారు. ఈసారి ఆ అమ్మాయి ఒక కాగితం చేతికిచ్చి, ఎదురుగా కూర్చోబెట్టి ఓపికగా చెప్పింది. సర్వేలో తప్పు పడిందని యజమాని సొంత దస్తూరీతో రాసి సంతకం పెట్టాలి. శనివారం మధ్యాహ్నం ఆఖరు. ఇల్లు కట్టి ముప్పై ఏళ్లు కాలేదు కనుక పాతబడిందని రాయడానికి లేదు. కారణం గడిలో 'కట్టడంలో లోపం' అని రాయాలి. దాని కింద, ఇల్లు కట్టిన మేస్త్రీ పేరు.

"మేస్త్రీ పేరు ఏంటికమ్మా?" అని అడిగింది బయమ్మ.

"ఫారంలో ఉండాదక్కా. నేనేం చేయల్ల?"

బయమ్మకు నవ్వు వచ్చింది, ఏడుపు పక్కనే ఉండే నవ్వు.

ఆ మధ్యాహ్నం బత్తలపల్లె నుంచి కూతురు లహరి ఫోన్ చేసింది. ఏడో నెల. తొలి కాన్పుకు పుట్టింటికి రావాల్సిన పిల్ల. పోయిన నెల వచ్చినప్పుడు మంచం మీద రాలిన సిమెంటును లహరి అత్త చూసింది. ఆ కప్పు కింద కోడలిని పడుకోబెట్టేది లేదని, బాగు చేయిస్తే పంపుతామని, లేకుంటే కాన్పు తమ ఇంట్లోనే అని తేల్చి చెప్పిందట. లహరి ఇదంతా మామూలు గొంతుతో చెప్పి, చివర్లో మాత్రం, "నాయనతో కొట్లాడొద్దుమా. నేనీడ బాగనే ఉండా," అంది. బాగున్న పిల్ల అలా అనదని బయమ్మకు తెలుసు.

శుక్రవారం సాయంత్రం నాగన్న కాళ్లు కడుక్కుని గట్టు మీద కూర్చోగానే, ఆమె టీ గ్లాసు పక్కన ఫారం, పెన్ను పెట్టింది. అతను కళ్లద్దాలు పెట్టుకుని పై నుంచి కింది దాకా చదివాడు. కారణం గడి దగ్గర వేలు ఆగింది. మేస్త్రీ పేరు గడి దగ్గర మళ్లీ ఆగింది. కాగితాన్ని మడిచి గ్లాసు కింద పెట్టాడు.

"ఇది నేను రాయను."

ఆమె మొదట నెమ్మదిగానే చెప్పింది. ఈ కాగితం ఆఫీసులో బీరువాలో పడి ఉంటుంది, ఎవరూ చదవరు. బసప్ప కూడా గ్రాంటు కోసం ఇలాంటిదే రాసిచ్చాడు. అతను తల అడ్డంగా ఊపాడు. బసప్ప ఇల్లు బసప్ప కట్టలేదన్నాడు. రేపు ఇంకొకరు తనకు పని ఇవ్వాలన్నాడు. చెప్పినకొద్దీ అతని గొంతు మెత్తబడుతోంది. ఆ మెత్తదనమే బయమ్మను రేపింది. గోడతో మాట్లాడితే కనీసం ప్రతిధ్వని వస్తుంది.

"నీ పేరు చెడేది కంటే బిడ్డ నెత్తిన పెచ్చు పడేది మేలా?" అంది. "ఒప్పుకో. నీ ఇల్లు నువ్వు కట్టుకునే టయానికి నీకు పని చేతకాలేదు. ఊర్లో అందరివీ నిలబడినాయి. మనదొకటే కుళ్లిపోయింది."

ఇన్నేళ్లలో ఆమె ఆ మాట ఎప్పుడూ అనలేదు. అన్నాక నోట్లో సున్నం రుచి తగిలింది. అతను కోపగించుకుంటాడనుకుంది, కోపగించుకోవాలని కోరుకుంది కూడా. అతను టీ గ్లాసును చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు.

"పనిలో లోపం లేదు," అన్నాడు.

"మరి యాడుండాది?"

"నీళ్లల్లో."

ఆమెకు అర్థం కాలేదు. అతను కప్పు వైపు చూడలేదు, ఆమె వైపూ చూడలేదు. పెరట్లో బట్టల రాయి మీద చూపు పెట్టి చెప్పాడు. స్లాబు పోసినాక మీద సిమెంటుతో చిన్న మళ్లు కట్టి, వరిమడికి పెట్టినట్టు ఇరవై ఒక్క రోజులు నీళ్లు నిలబెట్టాలి. ఎన్ని నీళ్లు తాగితే స్లాబు అంత గట్టి. ఈ ఇల్లు కట్టిన ఏడాది ఎండాకాలంలో కొళాయి ఎనిమిది రోజులకొకసారి వచ్చేది. స్లాబు కోసమని ట్యాంకరు నీళ్లు రెండు డ్రమ్ములు కొని పెట్టి, తాను పనికి పోయేవాడు.

"సాయంత్రం వస్తే డ్రమ్ములు ఖాళీగా ఉంటాండె. మళ్లు నెర్రెలిచ్చి ఉంటాండె."

అప్పుడు ఆమెకు అంతా కళ్లకు కట్టింది. కొత్త ఇంటి పక్కన రేకుల షెడ్డు. ఇరవై రోజుల పసిగుడ్డు లహరి, ఎండకు ఒళ్లంతా పొక్కులు, ఊపిరి ఎగబీలుస్తోంది. బాలింత ఒళ్లుతో తాను గంటకొకసారి డ్రమ్ములో దుప్పటి ముంచి ఊయల చుట్టూ కట్టేది. ఆరగానే మళ్లీ ముంచేది. అవి స్లాబు నీళ్లని తెలుసు. స్లాబుకు ఒక్క పూట తక్కువైతే ఏమవుతుందిలే అనుకుంది. పూటలు లెక్కపెట్టలేదు.

"నన్ను ఒక్క మాట అడగలేదు నువ్వు," అంది.

"ఏమని అడగల్ల? బిడ్డ బతికింది. స్లాబు సంగతి ఆరోజే తెలుసు నాకు."

బయమ్మ గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. మొదట వచ్చింది ఏడుపు కాదు, చిరాకే. ఆరోజే చెప్పి ఉంటే ఎప్పుడో ఏదో చేసుకునేవాళ్లు కదా. తనను కాపాడుతున్నానని ఇరవై నాలుగేళ్లు మౌనంగా ఉండి, ఈ మనిషి తన చేత ఇంతేసి మాటలు అనిపించుకున్నాడు. ఇది తన మీద ప్రేమా? లేక మేస్త్రీ గర్వానికి దొరికిన మంచి సాకా? రెండూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయని, ఇసుకా సిమెంటూ కలిపాక ఏది ఏదో వేరు చేయలేనట్టేనని అనిపించింది. అతనికి కూడా తెలిసి ఉండదు.

"రేపు పొద్దున్నే పోవల్ల. జరిగిందే రాద్దువు," అంది లేస్తూ. "స్నానం చేసి గమ్మున రా."

శనివారం సచివాలయంలో కృపాకుమారి టేబులు ముందు నాగన్న కుర్చీ అంచున కూర్చున్నాడు. అతని దస్తూరీ పెద్దది, ఒక్కో అక్షరాన్నీ ఇటుకలా పేర్చుతాడు. మేస్త్రీ పేరు గడి ముందే నింపాడు. కారణం గడిలో 'కట్టడంలో లోపం' అని రాసి, పక్కన 'స్లాబుకు నీళ్లు చాలక' అని చేర్చాడు. కృపాకుమారి వంగి చూసి, స్లాబుకు నీళ్లు పట్టే క్యూరింగు సరిగా లేకపోవడం కూడా లోపం కిందికే వస్తుందని, సోమవారం ఇంజనీరు వచ్చి చూస్తాడని, దరఖాస్తు ఆగదని చెప్పింది. నాగన్న పెన్ను మూయబోయాడు.

బయమ్మ అతని చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఏంటికి చాలలేదో అది కూడా రాయి."

"అది వాళ్లకేంటికి?"

"వాళ్లకు కాదు. నేను చదువుకోవల్ల."

కృపాకుమారి తల దించుకుని ట్యాబు చూసుకోసాగింది. నాగన్న గడి దాటి, మార్జిన్‌లోకి పోయి, నిదానంగా రాశాడు. బయమ్మ నాలుగో తరగతి దాకా చదివింది. వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. 'ఆ నీళ్లు మా బిడకు పెట్టినాము.'

"పెట్టినాము అని రాసినావే," అంది. "పెట్టింది నేను కదా."

ఆమె ఇంకోసారి చదివింది. కళ్లలో నీళ్లు తిరిగి అక్షరాలు అలుక్కుపోయాయి. చీర చెంగుతో తుడుచుకుని, మళ్లీ వేలు పెట్టి చూపించింది.

"బిడ్డలో ఒత్తు యాడప్పా? రవ్వంత కూడా చూసుకోవు నువ్వు. ఇట్లియ్యి, నేను పెడతా."