దేవమ్మ చేట

"అత్తా! ఎంత పని చేసినావత్తా!"

లూదియా బాన దగ్గరికి పరుగెత్తింది. నీళ్ల బానలో ఆమె నీటిరంగుల బొమ్మలు! రెండేళ్లు ఇంటెడు చాకిరీ చేసి, మిగిలిన కాస్త పొద్దులో వేసుకున్న పద్నాలుగు బొమ్మలు... ముద్దగా నానిపోయి బురదనీళ్లయ్యాయి. తెల్లారితే నంద్యాల బడిలో డ్రాయింగు టీచరు ఉద్యోగానికి ఇంటర్వ్యూ. డెబ్భై తొమ్మిదిలో ఆళ్లగడ్డ ఆడపిల్లకు అలాంటి పిలుపు రావడమే గొప్ప! బొమ్మలు చూపించకపోతే గుమ్మంలోంచే పంపేస్తారు. ఆ ఉద్యోగం మీదే ప్రాణాలన్నీ పెట్టుకుంది పిచ్చిది!

దేవమ్మ తొణకలేదు, బెణకలేదు. కాగితాల గుజ్జులో కలపడానికి మెంతులు రుబ్బుతూనే ఉంది. "చేటకు పూత పూయాల. కాగితాలు నానేసినా. కొంపలేమన్నా మునిగినాయా?"

"కావాలనే చేసినావు!"

"అవునుమే, కావాలనే చేసినా! నువ్వు నంద్యాల్లో కాపరం పెడితే నా కొడుకు యాడుండాల? నేనేం కావాల?"

కరుణాకర్ తల్లి వైపూ చూడలేదు, పెళ్లాం వైపూ చూడలేదు. గోడకు జారగిలబడి నేలచూపులు చూస్తున్నాడు. అలాంటి మొగుణ్ణి ఏమనాలి! లూదియా ఏడుస్తూనే, మంచం కింద ఆరబెట్టుకున్న ఒక్కగానొక్క బొమ్మ తీసి అత్త ముందుకు విసిరింది.

"ఇదొకటి మిగిలింది. ఇదీ నానేసుకో!"

దేవమ్మ నిజంగానే అందుకుంది. బానలో ముంచబోయి... ఆగిపోయింది. అది తన చేటే! పక్కనున్న చేటనూ బొమ్మనూ మార్చి మార్చి చూసింది. ఎడమ అంచున పూత లేచిపోయి, వెదురు బద్దలు బయటపడిన చోటు అరచెయ్యంత... అలాగే ఉంది! కోడలు దాన్ని కొత్తదానిలా సింగారించలేదు. ఆ మాసిన పసుపురంగు, అంచు కింది పలచటి నీడ, ఏదీ వదల్లేదు.

"ఈడ ఎందుకు అరిగిందో తెలుసునా నీకు?" దేవమ్మ గొంతు మారింది.

"నీ బొటనవేలు వంగదు. అరచేత్తో ఒత్తి పట్టుకుంటావు. దినామూ చూస్తాండా గదా!"

కరుణాకర్ చప్పున తలెత్తాడు. తల్లి బేతంచెర్లలో బండలు మోసి తనను సాకిన రోజుల్లో నలిగిన వేలు అది. ఇన్నేళ్లలో కన్నకొడుక్కే కనబడలేదు! దేవమ్మ కళ్లు నిండిపోయాయి. పిండి చేతులు కొంగుకు తుడుచుకుని, బొమ్మను భద్రంగా మంచం మీద పెట్టింది.

"రేపు నేనూ వస్తా. తక్కినవి నానేసింది నేనేనని ఆ సారుకు నా నోటితో చెప్తా."

"నిన్ను నేను క్షమించలేదత్తా!"

"క్షమించమని అడిగితినా? బస్సు ఎన్ని గంటలకో చెప్పు."

లూదియా వెక్కుతూనే చెప్పింది. "ఆరింటికి."