నూట మూడు డిగ్రీల అబద్ధం

"పదకొండుకి ఉరి. అయ్యేదాకా నువ్వు జైలు గేటు దగ్గరే ఉండాలి" అన్నాడు చీఫ్, ఫైల్ మూసేస్తూ.

ఏజెంట్ ఇరవై ఏడు కదల్లేదు. డిపార్ట్‌మెంట్‌లో అందరూ అతన్ని 'మొండి' అని పిలిచేది ఊరికే కాదు. ఉరి పడబోతున్నది ఒక రేడియో మెకానిక్‌కి. విదేశీ ముఠా ట్రాన్స్‌మిటర్ అతని షాపులో దొరికింది. పట్టుకున్నదీ, కోర్టులో సాక్ష్యం చెప్పిందీ మొండే. అందుకు మెడల్ కూడా ఇచ్చారు. కానీ నిన్న నెమలి పంపిన మైక్రోఫిల్మ్ అంతా తలకిందులు చేసింది. ఆ ట్రాన్స్‌మిటర్‌ని అక్కడ పెట్టింది ముఠాయే. మెకానిక్ ఉరికెక్కితే కేసు మూతపడుతుంది, వాళ్ల అసలు స్టేషన్ హాయిగా నడుస్తుంది.

నెమలి ఆ ముఠాలో మన డబుల్ ఏజెంట్. ఆమె గదిలోకి వస్తే దౌత్యవేత్తలు మాట మధ్యలో మాట మర్చిపోతారు. ఫిల్మ్ బయటపడితే ఆమె గుట్టు రట్టవుతుంది. అందుకే చీఫ్ దాన్ని సొరుగులో పెట్టి తాళం వేశాడు.

"కోర్టుకి అబద్ధం చెప్పింది నేను సార్."

"తెలియక చెప్పావు. అది నేరం కాదు."

"ఇప్పుడు తెలిసి ఊరుకుంటే?"

"అది డ్యూటీ."

మొండి సెల్యూట్ కొట్టి బయటికొచ్చి, వీధి చివర ఫోన్‌బూత్‌లో దూరాడు. "గొడుగు రిపేరయిందా?" అని అడిగాడు. "పిడి మిగిలింది" అని అవతల నెమలి గొంతు కోడ్ పలికింది. మొండి రెండు ముక్కల్లో సంగతి చెప్పాడు. నెమలి వెంటనే తేల్చేసింది.

"నా ప్రాణం కోసం ఇంకొకరి మెడకి తాడు వెయ్యమని నేనెవర్నీ అడగలేదు. ఒరిజినల్ ఫిల్మ్ నా దగ్గరుంది. జడ్జిగారి దగ్గరకి నేనే వెళ్తాను. పదకొండు దాటించు చాలు."

ఉరి తీసే ముందు మనిషి ఆరోగ్యంగా ఉన్నాడని డాక్టర్ సంతకం పెట్టాలి. జబ్బు మనిషిని చంపకూడదట. చట్టానికి ఎంత జాలో!

పదీ నలభైకి తెల్లకోటు, బట్టతల విగ్గు, గుబురు మీసాలతో కొత్త డాక్టర్ జైల్లోకి నడిచాడు. అసలు డాక్టర్ అప్పటికి నడిరోడ్డు మీద తన కారు నాలుగు పంక్చర్లనీ చూస్తూ నిలబడి ఉన్నాడు. కొత్త డాక్టర్ జేబులో డిపార్ట్‌మెంట్ ల్యాబ్‌వాళ్లు చేసిన థర్మామీటర్ ఉంది. దాని చివర నొక్కితే ఎంత జ్వరం కావాలంటే అంత చూపిస్తుంది.

మెకానిక్ అతని గొంతు వినగానే తలెత్తాడు. "మీరే కదండీ నా మీద సాక్ష్యం చెప్పింది?"

"నేనే. నోరు తెరువు."

"నాకు జ్వరం లేదు. అబద్ధం రాస్తారా?"

"నీ గురించి ఒకసారి తెలియక అబద్ధం చెప్పాను. ఇప్పుడు తెలిసే చెబుతున్నాను."

లోపలికొచ్చిన జైలు సూపరింటెండెంట్ థర్మామీటర్‌లో నూట మూడు చూశాడు, మెకానిక్ నుదురు తాకాడు, డాక్టర్ మీసం వంక అనుమానంగా చూశాడు. పదకొండుకి ఇంకా నాలుగు నిమిషాలున్నాయి. గార్డుల చేతులు తుపాకుల మీదకి పోయాయి.  మొండి మీసం తనే పీకి బల్ల మీద పెట్టాడు.

"నేను డాక్టర్ని కాను. అరెస్ట్ చెయ్యండి. కానీ డాక్టర్ సంతకం లేకుండా ఇతన్ని ఉరి తీస్తే ఆ నేరం మీది. రూల్ బుక్ తియ్యండి."

సూపరింటెండెంట్ ముప్పై ఏళ్లుగా రూలు దాటని మనిషి. నిజంగానే పుస్తకం తీశాడు. వేలితో ఒక్కో లైనూ చదువుతుండగా గోడ గడియారం పదకొండు కొట్టింది. ఎనిమిదో గంట మోగుతుండగా ఫోన్ మోగింది. ఉరి ఆపమని జడ్జి ఆర్డర్.

మధ్యాహ్నానికి ముఠా మొత్తం దొరికింది. నెమలి సాయంత్రానికే దేశం దాటింది, ఏ పేరుతోనో చీఫ్‌కి కూడా తెలియదు. మెకానిక్ తన షాపు తాళం మళ్లీ తీశాడు.

దొంగ డాక్టర్ వేషానికీ, రహస్యాల చట్టం ఉల్లంఘనకీ మొండికి ఆరు నెలలు పడింది. చీఫ్ స్వయంగా జైలుకొచ్చి, ఒక్క క్షమాపణ రాసిస్తే విడిపిస్తానని కాగితం చాపాడు. మొండి దాన్ని అలాగే వెనక్కి తోశాడు.

"నా మాటతో ఒక అమాయకుడు ఉరికంబం దాకా వెళ్లినప్పుడు మెడల్ ఇచ్చారు సార్. అప్పుడు అడగాల్సింది క్షమాపణ."